హుండీ తాళాలు స్వాములకే ఇద్దాం

దేవుడి సొమ్ము సర్కారు చేతిలో ఉంటే పాడైపోతుందట, స్వాముల చేతిలో పెడితే భద్రమట. 2025 జనవరి 5న గన్నవరం దగ్గర కేసరపల్లిలో విశ్వ హిందూ పరిషత్ ‘హైందవ శంఖారావం’ సభ పెట్టి గుళ్లను ప్రభుత్వం నుంచి విడిపించాలని అడిగాక, మన విశాఖ వన్ టౌన్ అరుగుల మీద కూడా ఈ సిద్ధాంతానికి బలమొచ్చింది. తర్కం గట్టిదే: స్వామికి ఆశ లేదు, ఆశ లేనివాడికి డబ్బు అక్కర్లేదు, కాబట్టి డబ్బు ఆయన దగ్గరే ఉంచాలి. ఈ లెక్కన బ్యాంకు లాకర్ల తాళాలన్నీ హిమాలయాలకు పంపేయాలి.

ఈ ఏర్పాటును ఈస్టిండియా కంపెనీ ఎప్పుడో చేసి చూసింది. క్రైస్తవ దొరలు గుళ్లు నడపడమేమిటని ఇంగ్లండులో గోల రేగితే, 1843లో తిరుమలను హథీరాంజీ మఠం మహంతుకు అప్పగించి చేతులు దులుపుకుంది. ఆ శతాబ్దం ముగిసేలోపే ఒక మహంతు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ధ్వజస్తంభం కింద పూడ్చాల్సిన బంగారు నాణేల స్థానంలో రాగి నాణేలు పెట్టించాడన్నది అభియోగం. విరాగికి బంగారమూ రాగీ ఒకటేనని కోర్టువారికి ఎవరూ చెప్పినట్టు లేదు, శిక్ష వేశారు. చివరికి 1933లో చట్టం చేసి తిరుమల తిరుపతి దేవస్థానాలను ఏర్పరచాక గాని ఆ 90 ఏళ్ల ముచ్చట తీరలేదు.

పాత కథలెందుకంటారా? తిరుమల పరకామణిలో కానుకలు లెక్కపెట్టే భక్తులకు జేబుల్లేని బట్టలు కట్టించి, తనిఖీ చేసి మరీ లోపలికి పంపుతారు. 2023 ఏప్రిల్‌లో అదే పరకామణిలో డాలర్లు కాజేశాడని కేసు పడింది ఎవరి మీద? పెద్ద జీయర్ మఠం తరఫున లెక్కింపును కనిపెట్టుకుని ఉండాల్సిన గుమాస్తా మీద! పోనీ సర్కారు పక్షం పట్టుదలగా నిలబడిందా అంటే, ఫిర్యాదు చేసిన దేవస్థానం వైపువారే నెలల వ్యవధిలో లోక్ అదాలత్‌లో రాజీపడ్డారు. 2025లో హైకోర్టు కలగజేసుకుంటే గాని సీఐడీ కదల్లేదు. గుడిని మింగేవాడొకడైతే గుడిలో లింగాన్ని మింగేవాడింకొకడని పెద్దలు ఊరికే అనలేదు.

స్వాముల పాదాలకు చట్టంలోనూ మహిమ ఉంది. రూపాయి హుండీలో పడితే దేవుడిది, దానికి పుస్తకం, ఆడిట్, సంతకాలు. అదే రూపాయి స్వామి పాదాల దగ్గర పడితే పాదకానుక. స్వామికి సొంతంగా ఇచ్చిన పాదకానుకను ఎలా ఖర్చుపెట్టాలో సర్కారు శాసించలేదని 1954లోనే శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక మిగిలిన పని ఒక్కటే, హుండీని రెండడుగులు జరిపి స్వామి పాదాల దగ్గర పెట్టడం.

అసలు సర్కారు చేతినీ స్వామి చేతినీ విడదీయడం ఎలా? మన విశాఖ శారదా పీఠానికి భీమిలి మండలం కొత్తవలసలో గత ప్రభుత్వం 15 ఎకరాలిచ్చింది, ఎకరా లక్ష రూపాయలకు. విశాఖ చుట్టుపక్కల ఆ ధరకు స్థలం దొరకడం కన్నా పెద్ద మహిమ ఈ మధ్యకాలంలో నేనైతే వినలేదు. 2024లో ప్రభుత్వం మారింది, కేటాయింపు రద్దయింది. అంటే ఇచ్చే చెయ్యి మారితే పుచ్చుకునే చెయ్యి ఖాళీ అవుతుంది. ఇంతగా పెనవేసుకున్న చేతుల్లో ఒకదాన్నుంచి రెండోదానికి దేవుణ్ని ‘విడిపించాలి’ అంటున్నారు!

మన విశాఖలోనే పోర్టు వైపు కొండల మీద వేంకటేశ్వరుడు, ఇసాక్ మదీనా బాబా దర్గా, రాస్ హిల్ చర్చి ఇరుగుపొరుగుగా ఉంటాయి. వక్ఫ్ చట్టాన్ని 2025లో సవరిస్తున్నప్పుడు వక్ఫ్ ఆస్తులు చూసుకునే ముతవల్లుల లెక్కల మీద సర్కారు కన్నుండాల్సిందేనన్న గొంతులే, పక్క కొండ దగ్గరికొచ్చేసరికి సర్కారు కన్ను పడితే అపచారమంటున్నాయి. కొండ మారితే సూత్రం మారుతుంది కాబోలు.

అయినా నేను మొండివాణ్ని కాను. తాళాలు స్వాములకే ఇద్దాం. షరతులు నాలుగే. హుండీ భక్తుల ఎదుటే తెరవాలి. వచ్చినది, పోయినది, నగలు, భూముల కౌళ్లు గుడి గోడ మీద రాయాలి. పాదకానుకకూ పద్దు ఉండాలి. బయటి ఆడిటరు ఏటా రావాలి. పూర్ణా మార్కెట్‌లో ఉల్లిపాయల కొట్టువాడు సాయంత్రానికి లెక్క కట్టుకుంటున్నాడు, జ్ఞానులకు ఇదేం కష్టం? బురుజుపేట కనకమహాలక్ష్మి నెత్తిన కప్పు లేకుండా, భక్తుల చేత్తోనే పూజలందుకుంటోంది. మధ్యవర్తే అక్కర్లేదన్న తల్లి, తన చిట్టా పుస్తకానికి మూత కోరుకుంటుందా?

వీటికి ఒప్పుకున్న స్వామికి సాష్టాంగపడి మరీ తాళాలు అందిస్తాను. లేచేటప్పుడు రసీదు అడుగుతాను.