స్ప్రే డబ్బాకు ముహూర్తం

వార్నిష్ కొట్టని బొమ్మ పూర్తయిన బొమ్మ కాదని మినియేచర్ల లోకంలో ఒక శాసనం ఉంది. ఎవరు వేయించారో తెలియదు గానీ, నాటింగ్‌హామ్ నుంచి నాంపల్లి దాకా అందరూ శిరసావహిస్తారు. బొమ్మ ఎత్తు 28 మిల్లీమీటర్లు, అటూ ఇటుగా. దాని కంట్లో నల్లగుడ్డు పెట్టడానికి ఊపిరి బిగబట్టి, అంగీ మడతలకు నాలుగైదు ఛాయలు వేసి, కత్తి అంచున వెండి గీత లాగి, నిద్ర మానుకున్న మనిషి చివరికి చేసే పని ఏమిటంటే, ఆ బొమ్మను బాల్కనీలోకి పట్టుకుపోయి మొహాన బుస్సుమని డబ్బా కొట్టడం. ఎందుకయ్యా అంటే రక్షణట.

ఎవరి నుంచి? ఆ సైనికుడు వెళ్లేది యుద్ధానికి కాదు, హాల్లో షోకేసులోకి. పక్కన కొండపల్లి ఏనుగు అంబారీ, కింది అరలో పెళ్లిలో వచ్చి ఇప్పటికీ అట్టపెట్టె విప్పని టీ సెట్టు. తాళంచెవి ఎక్కడుందో ఇంటావిడకు మాత్రమే తెలుసు. ఆ అద్దం వెనక అతని మీద దాడి చేయగల శత్రువు దుమ్ము ఒక్కటే. వార్నిష్ కొట్టినా కొట్టకపోయినా అది పడుతూనే ఉంటుంది.

ఈ ఆచారానికి ఒకప్పుడు అర్థం లేకపోలేదు. ఈ బొమ్మలతో బల్ల మీద ఆడే వార్‌హామర్ ఆట పుట్టిన 1983లోనూ, ఆ తర్వాత చాలా ఏళ్లూ అవి ఎక్కువగా లోహంతో పోతపోసినవే. సీసం కలిసిన బరువు. బల్ల మీద ఒకదానికొకటి తగిలితే చాలు, ముక్కు మీద రంగు లేచిపోయి లోపలి లోహం బయటపడేది. అప్పటివాళ్లు పైన గట్టి పొర పూసుకున్నారంటే అది తెలివే. ఇప్పుడు పెట్టెల్లో వస్తున్నది చాలావరకు పాలిస్టైరీన్ ప్లాస్టిక్. కిందపడినా పెద్దగా దెబ్బ తగలనంత తేలిక, పైగా ప్రైమర్ రంగును గట్టిగా పట్టి ఉంచుతుంది. లోహం పోయింది. డబ్బా మాత్రం పోలేదు.

ఇక ప్రయోగ విధానం. పెళ్లికి లగ్నం పెట్టే సిద్ధాంతి కూడా ఇన్ని చూడడు. వాన కురవకూడదు, కురిసి వెలిసినా కూడదు. ఎండ మండకూడదు, చలి కొరకకూడదు. 15 నుంచి 25 డిగ్రీల మధ్య అయితే శుభం. గాలిలో తేమ 60 శాతం దాటితే వర్జ్యం. ఇంట్లో కొడితే దోషం, బయట గాలి వీస్తే దోషం. డబ్బాను రెండు నిమిషాలు ఆపకుండా ఊపాలి, లోపలి గోలీ గలగలలాడాలి. జానెడు కంటే దగ్గరగా కొడితే కారుతుంది. మూరెడు దూరం నుంచి కొడితే చుక్కలు గాలిలోనే ఆరిపోయి బొమ్మ మీద గరుకుగా పడతాయి.

ఈ లక్షణాలన్నీ ఒకే రోజున కుదరడం విశాఖపట్నంలో ఎప్పుడో చెప్పండి. సముద్రం ఏడాది పొడుగునా చెమ్మ పంపుతూనే ఉంటుంది. విజయవాడలో వానలు లేని రోజు దొరికిందని సంబరపడితే అది రోహిణి కార్తె అయి ఉంటుంది. హైదరాబాద్ వాళ్లకు ఫిబ్రవరి, మార్చిలో కాస్త వెసులుబాటు ఉంది గానీ అప్పుడు ఇంట్లో పరీక్షలు. డాలస్ నుంచి వస్తున్న బావగారిని మంచి డబ్బా ఒకటి సూట్‌కేసులో పడేసుకు రమ్మందామా అంటే, మండే గ్యాసున్న రంగు డబ్బాలను విమానంలో సామాన్లతో పంపనివ్వరు.

పొర తెల్లబడి చెడిందనుకోండి, తప్పు డబ్బాది కాదు, శాసనానిది అసలే కాదు. అనుభవజ్ఞుడి విచారణ ఇలా సాగుతుంది.

“సరిగ్గా ఊపావా?”

“ఊపాను.”

“ముందు పనికిరాని బొమ్మ మీద కొట్టి చూశావా?”

“చూశాను. బ్రహ్మాండంగా వచ్చింది.”

“అదెప్పుడు?”

“పొద్దున.”

“మరి ఇది?”

“సాయంత్రం.”

“అదీ సంగతి.”

ఇంతకీ జరిగేది మంత్రమేమీ కాదు. డబ్బాలోంచి వచ్చే ద్రావకం చటుక్కున ఆవిరైపోతుంది, పోతూ పోతూ బొమ్మ ఉపరితలంలోని వేడిని లాక్కుపోతుంది. చల్లబడిన ఆ చోట గాలిలోని తేమ సన్నటి తుంపరగా దిగి, ఇంకా ఆరని పొరలో ఇరుక్కుంటుంది. వెలుగు దాని మీద చెదిరి తెల్లగా కనిపిస్తుంది. ఫ్రాస్టింగ్ అనేది దీన్నే. ఇది చాలదన్నట్టు, మ్యాట్ వార్నిష్‌కు ఆ మెరుపులేనితనం వచ్చేదే మెత్తటి సిలికా పొడి వల్ల. ఊపడం తక్కువైతే పొడి అడుగున పేరుకుని, మొదట మెరుపూ చివర సున్నమూ పడతాయి. అంటే దుమ్ము నుంచి కాపాడుకోవడానికి మనం డబ్బిచ్చి దుమ్ము కొంటున్నాం.

నల్ల అంగీ మీద చూడాలి దీని ప్రతాపం. మొదటి నిమిషం తడి మెరుపులో రంగులన్నీ నిండుగా కనిపిస్తాయి, కొట్టినవాడి మొహం వెలిగిపోతుంది. కాసేపటికి మడతల లోతుల్లో తెల్లదనం మొదలవుతుంది. అక్కడి నుంచి భుజాలకు పాకుతుంది. ఊపిరి బిగబట్టి పెట్టిన కంటిగుడ్డు కనబడదు. కత్తి అంచు మీది వెండి ఎలాగూ బతకదు. ఫ్రాస్టింగ్ రాకపోయినా, సవ్యంగా పడిన మ్యాట్ పొర కింద కూడా లోహపు రంగు వెలవెలబోతుంది. ఈ ముక్క డబ్బా మీద పెద్దక్షరాలతో రాయరెందుకో.

దీనికి శాంతి కూడా ఉంది. తెల్లబడిన పొర మీద గ్లాసీ వార్నిష్ కొట్టాలి, అది సందుల్లోకి దిగి తెలుపును చాలావరకు మాయం చేస్తుంది. కానీ బొమ్మ ఇప్పుడు నెయ్యి రాసుకున్నట్టు మెరుస్తుంది కాబట్టి, పైన మళ్లీ మ్యాట్ కొట్టాలి. దానికి మళ్లీ ముహూర్తం. మరో సంప్రదాయం వారు ఆలివ్ నూనెను బ్రష్‌తో రాసి తుడవమంటారు. అదీ పనిచేస్తుంది, నిజమే. పప్పునూనె సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆవకాయ జాడీ ఉన్న ఇళ్లవాళ్లు పూనుకోవాలి.

నాకు అసలు కోపం ఇక్కడ కాదు. ఈ రక్షణ తీసేయడానికి వీలుండదు. మ్యూజియంలలో పాత చిత్రాలను చూసుకునేవాళ్లు వార్నిష్ పూస్తారు గానీ, కింది రంగు చెదరకుండా రేపు తీసేయగలిగేదే ఏరుకుంటారు. వాళ్లకు ఆ జాగ్రత్త ఊరికే రాలేదు. రెంబ్రాంట్ 1642లో పూర్తిచేసిన సైనిక దళం చిత్రంలో ఉన్నది పగటి వెలుతురే. దాని మీది వార్నిష్ ముదిరి, మసి పట్టి నల్లబడేసరికి తర్వాతి తరాలవాళ్లు అది రాత్రి దృశ్యమనుకుని ‘రాత్రి కాపలా’ అని పేరు పెట్టేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక శుభ్రం చేస్తే వెలుతురు బయటపడింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. అక్కడ ఆ పొరను తీయగలిగారు. మన ఆక్రిలిక్ బొమ్మల మీద పొరను కరిగించగల ద్రావకం సాధారణంగా కింది రంగును కూడా కరిగిస్తుంది. చెడితే బొమ్మను ప్లాస్టిక్ దాకా కడిగి మొదటి నుంచి మొదలెట్టడమే.

బాల్కనీ సంగతీ ఒక మాట. చాలా డబ్బాల్లో వార్నిష్‌ను బయటికి తోసేది ప్రొపేన్, బ్యూటేన్. మన వంటింటి సిలిండర్లో ఉన్నవీ అవే. పక్కనే అగరుబత్తి వెలిగించుకుని కొట్టేవాళ్లున్నారు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే చాలనుకునేవాళ్లు ఇంకా ఎక్కువమంది. రుమాలు ద్రావకం ఆవిరిని ఆపదు.

కాబట్టి, చేతిలో డబ్బాతో మబ్బుల వంక చూస్తున్న తమ్ముడూ, వినవయ్యా. వారం వారం చెమట చేతుల్లో తిరిగే ఆటబొమ్మలకు పొర అవసరమే, కాదనను. నీళ్లలో కలిసే వార్నిష్ చిన్న సీసాల్లో దొరుకుతుంది. సీసా బాగా ఊపి, వేళ్లు తగిలే అంచులకు బ్రష్‌తో పలచగా పూయి, లోహపు రంగున్న చోటు వదిలెయ్. ఎవరూ ముట్టుకోని బొమ్మకు ఏమీ పూయకు. డబ్బా ఇప్పటికే కొనేసి ఉంటే, విసుగెత్తి వీధి చివర చెత్త తగలబెట్టే చోట మాత్రం పారేయకు. సగం నిండిన డబ్బా మంటలో పడితే పేలుతుంది.