అవలోర్‌లో గుంటూరు మిరపకాయ

నాకో జబ్బుంది. పిజ్జా చూస్తే మన ఊతప్పమే అంటాను. ఒలింపిక్స్‌లో విలువిద్య చూస్తే మన అర్జునుడిదే అంటాను. మీ ఇంట్లోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు, దాచకండి. గుంటూరులో ఉన్నంతకాలం జబ్బు అదుపులోనే ఉండేది. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో కాపురం పెట్టాక ముదిరింది. చివరికి ఓ రాకుమారి వచ్చి కుదిర్చింది.

రాకుమారి పేరు ఎలెనా. ‘ఎలెనా ఆఫ్ అవలోర్’ అని డిస్నీవాళ్ల బొమ్మల సీరియల్ 2016 జూలైలో మొదలై 2020 దాకా నడిచింది. డిస్నీ రాకుమారుల్లో మొదటి లాటినా ఈ పిల్లే. అవలోర్ ఏ మ్యాపులోనూ ఉండదు. లాటిన్ అమెరికాలో ఉన్న నానా దేశాల పాటలూ కథలూ పండగలూ కలిపి కట్టిన రాజ్యం అది. ఒకటో తరగతి చదివే మా అమ్మాయికి మాత్రం అది మా హాల్లోనే ఉంది, సోఫాకీ టీవీకీ మధ్య.

ఇక్కడ ఏటా సెప్టెంబర్ 15 నుంచి అక్టోబర్ 15 వరకు హిస్పానిక్ వారసత్వ మాసం జరుపుతారు. ఆ సందర్భంగా బడిలో ఓ సాయంత్రం పండగ పెట్టారు, పిల్లలు ఏదైనా బొమ్మో వంటకమో చేసి తేవాలన్నారు. ఇలాంటప్పుడు నా నోరు ఊరుకోదు. భోజనాల దగ్గర అందుకున్నాను. నెల మధ్యలో ఎందుకు మొదలవుతుందో తెలుసా? గ్వాటెమాలా, హోండురస్, ఎల్ సాల్వడోర్, నికరాగువా, కోస్టారికా... ఈ ఐదూ స్పెయిన్ చెర విడిపించుకున్నది 1821 సెప్టెంబర్ 15న. మెక్సికో పండగ ఆ మర్నాడే. ఈ వారసత్వ వేడుకని 1968లో ఒక్క వారంగా మొదలుపెట్టి 1988లో నెలకు పెంచారు.

అమ్మాయి ఓపిగ్గా అంతా వింది. విని, “నాన్నా, ఇంతకీ నాకు కిరీటం ఎవరు చేస్తారు?” అంది.

సీరియల్లో ఎలెనాకి పదహారేళ్లే. అందుకని ఒంటరిగా రాజ్యం ఏలడానికి వీల్లేదు, పెద్దల మండలి ఒకటుంటుంది. మా ఇంట్లోనూ మండలి కొలువుదీరింది. సభ్యులు వాళ్లమ్మ, కర్నూలు నుంచి వీడియో కాల్లో వాళ్ల అమ్మమ్మ, పక్కింటి పెద్దావిడ. ఆవిడది మెక్సికోలో పుయెబ్లా. వీధిలో పిల్లలంతా అబువేలా అంటారు, అంటే నాయనమ్మ. నేను మర్యాదకి అబువేలా గారూ అంటాను.

“మరి నేనో?” అన్నాను, కనీసం మంత్రి పదవైనా రాకపోతుందా అని.

“నువ్వు జాక్విన్ వి.”

జాక్విన్ అంటే సగం జాగ్వార్, సగం మకావ్ చిలుక. రెక్కలుంటాయి. రాకుమారి దాని వీపెక్కి తిరుగుతుంది.

“ఓహో, అంటే మన గరుత్మంతుడే!” అన్నాను.

“కాదు, నువ్వే. వంగు,” అంది.

మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి నవ్వుకుంది. వెళ్లకుండానే నవ్వినా నేనేమీ అనుకునేవాణ్ని కాదు.

అలంకరణ పని మాత్రం పట్టుబట్టి నేనే తీసుకున్నాను. మెక్సికోలో పండగకి రంగు పలచకాగితాల్లో పూలు, పక్షులు, ఎముకల బొమ్మలు కత్తిరించి తాడుకి వేలాడదీస్తారు. దాన్ని పాపెల్ పికాదో అంటారు. “ఇదెంత పని! మన తోరణాలేగా. శ్రీరామనవమికి మా వీధంతా మైదా జిగురు పెట్టి రంగుకాగితాలు అంటించినవాణ్ని,” అని చొక్కా చేతులు మడిచాను.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మడత అంచున చిన్న చిన్న గంట్లు పెట్టాలి. విప్పితే అవే పూలవుతాయి. నేను ఉత్సాహంలో మడత పొడుగునా ఈ చివర నుంచి ఆ చివరకి కత్తెర వేసుకుంటూ పోయాను. విప్పితే పూలు లేవు, తోరణమూ లేదు, నా ఒళ్లో గులాబీ రంగు పీలికలు రాలాయి. అబువేలా గారు ఒక పీలిక తీసి వెలుతురుకి పట్టి చూశారు. వాళ్ల పుయెబ్లాలోనే సాన్ సాల్వదోర్ విస్కొలోత్లా అనే ఊరు ఈ పనికి పేరు మోసిందట. అక్కడివాళ్లు కత్తెర జోలికే పోరు. పదుల కొద్దీ కాగితాలు ఒకదానిమీద ఒకటి పేర్చి, చిన్న చిన్న ఉలులు పెట్టి సుత్తితో కొడతారు. “మీ పద్ధతి కొత్తగా ఉంది,” అన్నారావిడ. ఆవిడ మెచ్చుకున్నారనే నేను ఆ రాత్రి దాకా అనుకున్నాను.

ఇక వంట. టోర్టిల్లా చేస్తానని నేనే అన్నాను. ఎవరూ అడగలేదు. ఇండియన్ షాపులో మొక్కజొన్న పిండి తెచ్చాను, రెండు రేకుల మధ్య పెట్టి నొక్కే ఇనప యంత్రం కూడా కొన్నాను. ముద్ద పెట్టి నొక్కి, రేకు ఎత్తితే సగం రొట్టె పై రేక్కి, సగం కింది రేక్కి అంటుకుపోయింది. గీకి తీసిందల్లా పెనం మీద పొడి పొడి అయింది. ఇంకాస్త నీళ్లు పోశాను. ఇంకాస్త పిండి పోశాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోందన్న సంగతి నా వీపుకి తెలుస్తూనే ఉంది.

పంచాయితీ అబువేలా గారి దగ్గరికి వెళ్లింది. లోపమెక్కడో అప్పుడు తెలిసింది. వాళ్లు మొక్కజొన్న గింజల్ని ఊరికే మరపట్టరు. సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొట్టు కడిగేసి అప్పుడు రుబ్బుతారు. వేల ఏళ్ల నాటి పద్ధతి. దానివల్లే పిండికి పట్టు వస్తుంది, గింజలో దాక్కున్న నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. ఐరోపావాళ్లు మొక్కజొన్నని పట్టుకుపోయారు గానీ సున్నం సంగతి వదిలేశారు. అదే తిని బతికిన అక్కడి పేదవాళ్లకి పెల్లాగ్రా రోగం పట్టుకుంది.

“సున్నమా! అత్తయ్యగారి తాంబూలం డబ్బాలో ఉండేదే కదా,” అంది మా ఆవిడ. అలా సున్నపు నీళ్లలో ఉడికించి చేసిన పిండిని మాసా హరీనా అని అమ్ముతారు. సాయంత్రానికి అది తెప్పించింది. కర్నూలు అమ్మాయి, జొన్నరొట్టె తట్టిన చెయ్యి. యంత్రం వైపు చూడను కూడా లేదు. వేన్నీళ్లతో పిండి కలిపి, ముద్ద చేసి తట్టడం మొదలుపెట్టింది. అబువేలా గారు రెండరచేతుల మధ్య తడతారు, ఈవిడ పీట మీద తడుతుంది. ఒకరి మాట ఒకరికి అరకొరగా తెలుసు, అయినా ఇద్దరి రొట్టెలూ పొంగుతున్నాయి. నన్ను పెనం కడగమన్నారు. రెండు భాషల్లోనూ చెప్పారు, అర్థం కాలేదనడానికి వీల్లేకుండా.

పోనీ కారం దగ్గరైనా పరువు నిలబెట్టుకుందామనుకున్నాను. ఎండుమిరపకాయలు నానబెట్టి అబువేలా గారు సాల్సా నూరుతుంటే పక్కన చేరి, “మా గుంటూరు మిరపకాయ ముందు...” అని మొదలెట్టాను.

అమ్మాయి లైబ్రరీ పుస్తకం లోంచి తలెత్తింది. “నాన్నా, మిరపకాయ మెక్సికోదంట.”

“ఎవరన్నారు?”

పుస్తకం చూపించింది. మిరపని అక్కడే వేల ఏళ్ల కిందట సాగులోకి తెచ్చారు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన రేవులకి దిగింది. అంతకుముందు మనవాళ్ల కారం ఎక్కువగా మిరియాలదే. సరే, ఒక్క మిరపకాయ పోతే పోయిందనుకున్నాను. అమ్మాయి వేలు కింది వరసకి జరిగింది. టమాటా, మొక్కజొన్న, జామ, బొప్పాయి, వేరుశనగ, సీతాఫలం... అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. బతుకమ్మలో పేర్చే బంతిపూలు కూడా. మెక్సికోలో నవంబర్ మొదట్లో చనిపోయిన పెద్దల్ని తలుచుకునే పండగకి అవే బంతిపూలతో ఇళ్లల్లో బల్లలు అలంకరిస్తారు.

గుంటూరులో పుట్టినవాడికి ఇదెంత దెబ్బో మీకు చెప్పక్కర్లేదు. మర్నాడు ఉప్మాలో పచ్చిమిరపకాయ తగిలితే పరాయివాళ్ల సొమ్ములా పక్కన పెట్టాను.

“గోంగూర మనదే!” అన్నాను ఆఖరి అస్త్రంగా. మా ఆవిడ మాట్లాడకుండా నా ముందు ఓ గ్లాసు పెట్టింది. ఎర్రగా, పుల్లగా ఉంది. అబువేలా గారు పంపిన ఆగువా దె హమైకా. ఎర్ర గోంగూర కాయల చుట్టూ ఉండే ఆ ఎర్రటి రేకుల్నే ఎండబెట్టి, మరిగించి, చక్కెర వేసి చల్లగా తాగుతారు. ఆ మొక్క పుట్టిల్లు ఆఫ్రికా. గ్లాసు ఖాళీ చేసి ఊరుకున్నాను.

బడి పండగకి మా అమ్మాయి పెద్ద అట్ట మీద ప్రపంచపటం గీసింది. మెక్సికో వైపు నుంచి గుంటూరుకి ఎర్ర బాణాలు బోలెడు. ఇటు నుంచి అటు ఒకే ఒక్క పచ్చ బాణం, మామిడిపండుది. మనీలాకీ అకపుల్కోకీ మధ్య 1565 నుంచి 1815 దాకా స్పెయిన్ ఓడలు తిరిగాయి. ఆ దారిన ఆసియా మామిడి మెక్సికో చేరింది. ఆ బాణం నా బతిమాలుడు మీద గీసిందే. ఎర్రగౌను, బంగారు కాగితం కిరీటం (మండలి చేసింది) పెట్టుకుని రాకుమారి ముందు నడిచింది. అట్టరెక్కలు కట్టుకుని, పటం మోసుకుంటూ జాక్విన్ వెనక నడిచింది. టీచరు దగ్గరికొచ్చి, “ఎంత ముచ్చటైన గుడ్లగూబ!” అన్నారు.

అక్కడ అబువేలా గారు మామిడి ముక్కల మీద ఉప్పూ కారం చల్లి, నిమ్మరసం పిండి ఇచ్చారు. మన బడి గేటు ముందు బండి మీద అమ్మే ముక్కలే అనబోయి మా ఆవిడ కళ్లు చూసి ఆగాను. “మామిడి మాది, కారం మీది,” అని రాజీకొచ్చాను. ఆవిడ నవ్వి ఇంకో రెండు ముక్కలు వేశారు.

“మరి నిమ్మకాయ ఎవరిది నాన్నా?” అంది అమ్మాయి.

ఇంకా చూడలేదు. మీకు తెలిస్తే, మా ఆవిడ లేనప్పుడు గోడవతల నుంచి ఓ కేక వెయ్యండి.