నీడపట్టున టోపీ

ఎండాకాలం సెలవుల్లో హైదరాబాదు చూడబోయేవాళ్ళకి అందరూ రెండు సలహాలిస్తారు. టోపీ పెట్టుకోండి అని ఒకటి. మిట్టమధ్యాహ్నం బయట తిరక్కుండా మ్యూజియాలూ ప్యాలెస్‌లూ చూసుకోండి అని రెండోది. విడివిడిగా రెండూ మంచి సలహాలే. రెండూ ఒకే పూట పాటించినవాళ్ళు మాత్రం ఏమైందో మళ్ళీ వచ్చి చెప్పినట్టు లేదు.

నా టోపీ మా అమ్మాయి టెక్సాస్ నుంచి పంపింది. చుట్టూ జానెడు అంచు. గడ్డం కింద కట్టుకునే తాడు లేదు, మడిచే వీలు లేదు. చార్మినార్ ముందు నిలబడ్డంతసేపూ దాని కింద నేను మహారాణినే. కప్పున్న చోట అడుగు పెట్టానో లేదో, అది చంకదిగని పిల్లాడైపోతుంది. సంచిలో పట్టదు. చంకలో పెడితే నలుగుతుంది. చేతులు వెనక్కి కట్టుకుని పట్టుకుంటే వెనక వచ్చేవాళ్ళ పొట్టల్లో పొడుస్తుంది. అలా నెత్తినే ఉంచేసుకోరాదా అంటారు. ఉంచుకున్నాను. చౌమహల్లా ప్యాలెస్‌లో, ఖిల్వత్ ముబారక్ అనే దర్బారు హాల్లో 19 షాండ్లియర్లున్నాయి. వాటిని చూడాలంటే తల వెనక్కి వాల్చాలి. వాల్చగానే వెనక అంచు నా జుట్టుముడికి ఆనింది, ముందు అంచు కళ్ళ మీదికి దిగింది. ఆ హాల్లో నేను తీరిగ్గా చూసిందల్లా టోపీ లోపలి కుట్టు. కుట్టు బాగానే ఉంది.

గుడిలో ఇంకో చిక్కు. మనదేశంలో చెప్పులకి జరిగే మర్యాద ఇంతా అంతా కాదు. స్టాండు, అరలు, అంకె వేసిన టోకెను, కాపలాకి ఓ మనిషి. కాళ్ళ కింద అరిగేదానికి అంత హోదా ఉన్నప్పుడు నెత్తికెక్కేదానికి ఓ కొక్కెమైనా ఉండద్దూ? చెప్పులతో పాటే టోపీని కూడా ఇవ్వబోయాను. మా అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"నెత్తిన పెట్టుకునేదాన్ని చెప్పుల పక్కన పెడతావుటే అమ్మాయ్?"

ఫోన్లు దాచే కిటికీ దగ్గరికెళ్ళాను. అక్కడి కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని స్విచాఫ్ చేశారా మేడం?" అని అడిగి, అర చిన్నదని తిరిగిచ్చేశాడు. చివరికి మావారు దాన్ని బోర్లించకుండా రెండు చేతులా పట్టుకుని దర్శనానికి నడిచారు. అర్చకస్వామి అందులో కొబ్బరిచెక్క, రెండు అరటిపళ్ళు వేశారు. మా వెనకావిడ, ఆ బుట్టలు ఎక్కడమ్ముతున్నారండీ అని అడిగింది.

ఈ బాధలేవీ మా అత్తగారికి లేవు. ఎండలోకి రాగానే కొంగు తలమీదికి లాక్కుంటారు, నీడలోకి రాగానే భుజమ్మీదికి వదిలేస్తారు. చెమట పడితే దాంతోనే తుడుచుకుంటారు. నేనూ చీరే కట్టుకున్నాను, నాకూ కొంగుంది. కానీ పార్సిలు ఖర్చు పెట్టుకుని మరీ పంపిన కూతురికి ఫోటో పెట్టాలి కదా.

టోపీకి ఓ కొక్కెం పెట్టనందుకు మన పెద్దవాళ్ళనీ తప్పు పట్టలేం. వాళ్ళకి అంచున్న టోపీ అలవాటు లేదు. తలపాగా గుమ్మం బయటా లోపలా తలమీదే ఉంటుంది, నిండు సభలో తీస్తేనే అవమానం. హైదరాబాదు ప్రముఖులు పెట్టుకున్న రూమీ టోపీ కూడా అంతే. నిటారుగా నిలబడుతుంది, అంచుండదు. ఎండని ఆపదు, ఎవరికీ అడ్డం రాదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రానికెక్కిన కుబేరుడు. అంతటివాడు ఒకే పాత టోపీతో ఏళ్ళు గడిపేశాడని చెప్పుకుని నవ్వుతారు. నాకైతే అందులో పిసినారితనం కనబడలేదు. తలకి కుదిరి, చేతులకి పని పెట్టని టోపీ దొరికాక ఎవరు మాత్రం వదులుతారు? ఆయన తండ్రి మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా మాత్రం పురానీ హవేలీలో రెండంతస్తులుగా, అటు చివర నిలబడ్డ మనిషి చిన్నగా కనబడేంత పొడుగునా ఉంది. దాన్ని చూసి మావారు, "ఊరు మొత్తమ్మీద నీ టోపీకి సరిపడా చోటు ఇదొక్కటే" అన్నారు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కాని చూస్తే కాస్త కుళ్ళు పుట్టింది. బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి పడుచుని 1876లో మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్నారు. ఇన్నేళ్ళుగా నీడపట్టునే ఉన్నా, తలమీది ముసుగు తియ్యమని ఆవిణ్ణి ఎవరూ అనలేదు. పైగా ఆ ముసుగు కోసమే జనం వస్తారు. అక్కణ్ణుంచి మెఫిస్టోఫిలిస్ చెక్కబొమ్మ దగ్గరికెళ్ళాం. ఒకే దుంగలో ముందువైపు సైతాను, వెనకవైపు తల వంచుకున్న మార్గరెట్టా. వెనక నిలబెట్టిన అద్దంలో ఆ అమ్మాయిని చూడాలి. నేను వంగి చూశాను. నా వెనక ఓ పెద్దాయన మనవడికి వివరిస్తున్నారు.

"ముందరున్నది సైతాను. అద్దంలో కనపడేది..."

ఆగిపోయారు. అద్దంలో కనపడేది టెక్సాస్ టోపీ.

పన్నెండు కావస్తుంటే అదే మ్యూజియంలో గంటలు కొట్టే గడియారం దగ్గర చేరాం. పన్నెండు గంటలూ వినాలని అప్పుడే జనం ఎక్కువ. చిన్న బొమ్మ మనిషి తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొడతాడు, ఆ కాసేపటి కోసం అందరూ మెడలు చాచి కూర్చుంటారు. అలాంటి చోట జానెడు అంచంటే ఊరుకుంటారా? వెనక వరసలోంచి "ఆంటీ, టోపీ!" అని ఓ కేక. తీసి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకున్నాను. సంచి కౌంటర్లో ఇచ్చేశాం కాబట్టి మా ఇంటిల్లిపాదికీ ఆ టోపీ దేవుడిచ్చిన గంపలా కనబడింది. అత్తగారు కళ్ళజోడు పెట్టె, జపమాల, మాత్రల డబ్బా వేశారు. మావారు టిక్కెట్లు, ఫోను, తాళాలు వేశారు. ఎవరో పిల్లాడి పాలసీసా కూడా వచ్చి పడింది. వాళ్ళమ్మ మళ్ళీ తీసుకుందనుకోండి.

గంటలు కొట్టేశాక, మావారు టోకెను పట్టుకుని సంచి కోసం వెళ్ళారు. అత్తగారు కొంగు నెత్తిన వేసుకుని గేటువైపు చకచకా నడిచారు. నేను నిండు టోపీని రెండు చేతులా మోసుకుంటూ ఉత్త తలతో బయటికొచ్చాను. మాడు పగిలే ఎండ. గేటు దగ్గర ఆటో అతను నన్ను చూసి జాలిపడ్డాడు.

"అమ్మా, గింత ఎండ గొడుతుంటే టోపీ చేతుల పట్టుకోని తిరుగుతరా? నెత్తికి పెట్టుకోరాదు!"