చుక్క పడకూడదు

తుపాకీ పేల్చి పాడుచేసినవాళ్ళకంటే తుడవడం రాక పాడుచేసినవాళ్ళే ఎక్కువని హవల్దార్ మామ అంటుండేవాడు. ఆయనది వరంగల్ వైపు. మిలిటరీ నుంచి పెన్షన్ మీద వచ్చాక, బంధువులున్న సూరత్ చేరి, ఘోడ్‌దోడ్ రోడ్డులో ఒక శేఠ్ బంగళాకు గన్‌మన్‌గా కుదిరాడు. మేముండే లింబాయత్‌లో తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు చాలామంది. మా వీధిలో మరమగ్గం ముట్టని మగవాడు బహుశా ఆయనొక్కడే.

శేఠ్ దగ్గర ఒక రైఫిల్ ఉంది. తాతగారి నాటిది, బర్మింగ్‌హామ్‌లో బి.ఎస్.ఎ. కంపెనీ చేసిన .315. తెల్లవాళ్ళ ఏలుబడిలో సైన్యం వాడే .303 తూటాను మామూలు జనం చేతికి దక్కనిచ్చేవారు కాదు. అందుకని లైసెన్సుదారుల కోసం అదే వాటం తుపాకీని .315లో చేసి ఇక్కడికి పంపేవారు. తర్వాత మన ఇషాపూర్ ఫ్యాక్టరీ కూడా అదే సైజులో రైఫిళ్ళు చేసింది. శేఠ్‌కు మాత్రం గొట్టం కన్నా దాని చెక్క మీదే ప్రాణం. వాల్‌నట్ చెక్క, పైన లక్క పాలిష్. వెలుతురులో తిప్పితే లోపలి చారలు కదులుతున్నట్టు ఉంటాయి. అంత అందమైన చెక్కపని నేను ఇంకెక్కడా చూడలేదు.

దసరాకు గుజరాత్‌లోనూ ఆయుధపూజ ఉంది. శస్త్రపూజ అంటారు. తెల్లారకముందే ఫాఫ్డా, జిలేబీల కోసం దుకాణాల ముందు బారులు తీరతారు. పండగ ముందురోజు రైఫిల్ శుభ్రం చేయడం మామ పని. ఆ ఏడు శేఠ్ కొడుకు రేంజికి తీసుకెళ్ళి పేల్చి తెచ్చాడట, గొట్టం లోతుగా కడగాలి. పట్టుకోవడానికి మనిషి కావాలని మేనల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆ పిల్లవాడు కార్పొరేషన్ తెలుగు బడిలో నా దగ్గర చదివినవాడే. మామ మాటసాయంతో వాడికి పాండేసరాలో ఒక రంగుల మిల్లులో పని దొరికింది. మామ పనితనం చూడాలని ఎప్పటినుంచో అనుకుంటున్న నేను కూడా వాళ్ళతో వెళ్ళాను.

వరండాలో దిండ్లు వేసి, మూతి కాస్త పల్లానికి ఉండేలా రైఫిల్‌ను పడుకోబెట్టాడు. బోల్ట్ ఊడదీసి పక్కన పెట్టాడు. చెక్కకు ముందు చీరల ప్యాకింగ్ కవర్ చుట్టి, దానిమీద పాత పంచె చుట్టాడు.

“ఒట్టి పంచె చాలదా మామా?” అన్నాను.

“గుడ్డ తాగుతది సారూ. తాగి చెక్కను పట్టుకొని కూసుంటది. తెల్లారేసరికి పాలిష్ పోతది.”

గుండు వెళ్ళినప్పుడల్లా దాని తొడుగులోని రాగి కొంచెం కొంచెం గొట్టం గాళ్ళకు అంటుకుంటుంది. ఆ రాగిని కరిగించే మందులో అమ్మోనియా ఉంటుంది. రాగినే తినేది లక్కను వదులుతుందా? మామ సీసా మూత తీయగానే ఘాటుకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిందీ గుడ్డ ముక్కకు మందు పట్టించి, చుక్క కారకుండా ఒత్తి, రాడ్డుకు తగిలించాడు. రాడ్డు ఊగకుండా, మందు వెనక్కి చిందకుండా ఛాంబర్ దగ్గర గైడు పెట్టి, వెనకనుంచి మూతి వైపు ఒక్క తోపున తోశాడు. మూతిలోంచి బయటపడ్డ చిందీ మీద నీలం మరక! అదే రాగి. ఆ ముక్క పారేసి కొత్తది తీసుకున్నాడు. సూరత్‌లో చిందీలకు కొదవేముంది?

“మడిమ మీదికి, మూతి కిందికి పట్టు అల్లుడా. మందు వెనక్కి దిగిందో, తుపాకీ పాయె.”

దిగితే ఎక్కడికి చేరుతుందో వేలితో చూపించాడు. ఇనుము చెక్కలో కూర్చున్న చోటికి, అక్కడినుంచి పిడికిలి పట్టే సన్నటి మెడకు. ఏళ్ళ తరబడి మందూ నూనే తాగిన చెక్క అక్కడ నల్లబడి మెత్తబడుతుంది. పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బకు అక్కడే చీలుతుంది. అందుకే తుడిచిన తుపాకీని మామ ఆ రాత్రికి మూతి కిందికి పెట్టే నిలబెడతాడు. చూస్తున్నకొద్దీ నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. పరాయివాడి వస్తువును ఇంత శ్రద్ధగా చూసేవాళ్ళు ఎందరుంటారు?

అప్పుడు చూశాను, మడమ పట్టుకున్న ఆ పిల్లవాడి చేతులు. పాలిస్టర్ బట్టకు జెట్ మిషన్‌లో 130 డిగ్రీల దాకా వేడి మీద రంగెక్కిస్తారు. పైపైన మిగిలిన రంగు పోవడానికి కాస్టిక్, హైడ్రో కలిపి కడుగుతారు. ఆ కాస్టిక్ కలిపేది, తడి బట్ట లాగేది ఇలాంటి పిల్లలే. గోళ్ళ అంచుల్లో నీలం. వేళ్ళ కణుపుల దగ్గర చీలికలు, ఒకదాంట్లో ఎర్రగా కనబడుతోంది. అరచేతుల్లో పొరలు లేచాయి. ఎనిమిదో తరగతిలో ఈ చేతులు రాసిన గుండ్రటి అక్షరాలు నాకింకా గుర్తే. 2022 జనవరి 6న సచిన్‌లో ఎవరో ట్యాంకర్ నుంచి కాలువలోకి వదిలిన రసాయనం ఆవిరికి పక్క మిల్లు కార్మికులు ఆరుగురు చనిపోయారు. అప్పటినుంచి వీడు ఇంటికొచ్చేదాకా వాళ్ళమ్మ ముద్ద ముట్టదు.

శేఠ్ లోపలినుంచి వచ్చాడు. చెక్కకు చుట్టిన కవర్ చూసి తలాడించాడు. తర్వాత ఆయన చూపు పిల్లవాడి చేతుల మీద పడింది, అక్కడే ఉండిపోయింది.

“అరే, ఆగు. వదిలెయ్ కాసేపు” అని గబగబా లోపలికెళ్ళి, కొత్త రబ్బరు గ్లవ్స్ జత తెచ్చి స్వయంగా కవర్ చించి ఇచ్చాడు.

పిల్లవాడు వాటిని వేళ్ళ చీలికలు ఒరుసుకోకుండా మెల్లగా తొడుక్కున్నాడు. వేసుకున్నాక చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మామ గొంతు పూడుకుపోయింది. “చూసిండ్రా సారూ? మా శేఠ్ మనసు గట్లాంటిది” అన్నాడు. నా మనసూ నిండిపోయింది. అంత పెద్ద బంగళాలో ఆ చేతులను చూసినవాడు ఒకడున్నాడు.

చివరి చిందీ తెల్లగా వచ్చింది. మామ పంచె, కవర్ విప్పాడు. శేఠ్ చెక్కను ఎండలోకి తిప్పి, మెడ దగ్గరా మడమ దగ్గరా వంగి వంగి చూశాడు. ఎక్కడా చుక్క మరక లేదు. సంతోషంగా పిల్లవాడి భుజం తట్టాడు.

“మన మిల్లు కాస్టిక్ సంగతి నాకు తెలుసు బేటా. ఆ చేతులు తగిలితే ఈ పాలిష్ నిలవదు. గ్లవ్స్ ఇక్కడే పెట్టి వెళ్ళు. మిల్లుకు వేసుకొస్తే రేపు అందరూ అడుగుతారు.”