గడ్డిరోజా పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:
గడ్డిరోజ కొమ్మ కనబడ్డ చోటెల్ల
గిల్లి తెచ్చి పాత గిన్నెలోన
గుచ్చి మరచి పొమ్ము, కుండెడు నీళ్లేల?
పదికి విచ్చు పూలు పగలె ముడుచు.

అవతారిక: చలిదేశాల వాళ్లు రాళ్ల సందుల్లో చాపలా పరుచుకునే కొండమొక్కలు పెంచి మురుస్తారు. నల్లగొండ, పాలమూరు సీమల్లో గుట్టలకు కొదవలేదు, మంచే లేదు. ఇక్కడ ఆ కొలువు ఎవరికి దక్కిందో కవి చెబుతున్నాడు.

ప్రతిపదార్థం: గడ్డిరోజ కొమ్మ = నాచుపువ్వు, టేబుల్ రోజ్ అని కూడా పిలిచే మొక్క తాలూకు వేలెడు కాడ; కనబడ్డ చోటెల్ల = పక్కింటి ప్రహరీ మీద, బడి గేటు పక్కన, చుట్టాలింటి మెట్ల మీద; గిల్లి తెచ్చి = అడగకుండా అని వ్యంగ్యం; పాత గిన్నెలోన = అడుగు చిల్లిపడిన సత్తుగిన్నెలో (చిల్లు లేకుంటే పొడవాలి, నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది; కవి ఈ సంగతి దాటేశాడు); పదికి = ఎండ ముదిరిన వేళ. గడియారం ప్రమాణం కాదు. మబ్బుపట్టిన రోజు పన్నెండు కొట్టినా పూలు సరిగా విచ్చవు.

తాత్పర్యం: గిల్లు, గుచ్చు, ఊరుకో.

విశేషాలు: ‘గిల్లి’లో శ్లేష ఉంది. 1829లో హుకర్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ మొక్కకు శాస్త్రనామం పెట్టాడు. దాన్ని అర్జెంటీనాలో, మెండోజా కొండల దిగువ ఇసుకనేలల్లో కనిపెట్టిన వైద్యుడు జాన్ గిల్లీస్. వ్యాఖ్యాతల మాటకొస్తే, కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మన పక్క మెదక్ సీమే. ఆయనకు తామరలే సరిపోయాయి. గడ్డిరోజా అప్పటికి సముద్రం దాటలేదు.

‘నీళ్లేల’ అన్నది ప్రశ్న కాదు, మందలింపు. ఈ మొక్క ఆకుల్లో, కాడల్లో నీరు దాచుకుంటుంది. కరువొస్తే పగలు ఆకురంధ్రాలు మూసుకొని, రాత్రి చల్లబడ్డాక గాలి పీలుస్తుంది. పాలమూరు ఎండకు ఇంతకన్నా తెలివైన జవాబు నేనెరుగను.

పాఠాంతరం: ‘గంగవాయి కొమ్మ’ అని కొందరు అమ్మమ్మల పాఠం. గంగవాయిలి కూరదీ ఇదే ప్రజాతి కనుక వంశం కలుస్తుంది, ఛందస్సూ చెడదు. అర్థం మాత్రం పొసగదు. గంగవాయిలి చెల్కల్లో తనంతట తానే మొలుస్తుంది, దాన్ని గుచ్చేదెవరు? అది నేరుగా పప్పులోకి పోతుంది.

పూర్వపక్షం: అడగకుండా గిల్లడం దొంగతనం కాదా? కాదు. గిల్లిన చోట పక్కకొమ్మలు వేసి మొక్క ఇంకా గుబురవుతుంది, లాభం మొక్కగలవారిదే. అసలు దోషం రోజూ చెంబుతో నీళ్లు పోసేవారిది. ఒకసారి కుళ్లబెట్టినవారికి, గిన్నెకు చిల్లు పొడిచి చూపించేదాకా, రెండో కొమ్మ ఇవ్వరాదు.