బన్నికి నోటీసు ఎవరిచ్చారు?

దసరా రాత్రి దేవరగట్టు బన్నికి, అంటే ఆ కర్రల సమరానికి, రమ్మని ఎవరూ కరపత్రం పంచరు, ఆటోకు మైకు కట్టరు. అయినా నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు పాల మీద చెయ్యేసి బాస చేసి ఒక పక్క దిగుతారు. అరికెర, సుళువాయి, ఎల్లార్తి వాళ్లు ఇంకో పక్క. చేతిలో ఇనుప రింగులు తొడిగిన కర్రలు. మాళ మల్లేశ్వరుడి ఉత్సవ మూర్తుల కోసం తల పగిలితే బండారు అద్దుకుని మళ్లీ గుంపులో పడతారు. రింగులు వద్దు నాయనా అని పోలీసులు ముందునుంచీ ఊరూరా తిరిగి చెప్తూనే ఉంటారు. తెల్లారేలోగా కార్ణికమనే భవిష్యవాణిలో పత్తి ధర, జొన్న ధర దేవుడే చెప్పేస్తాడు. ఆ పత్తి దించే హమాలీ కూలి మాత్రం ఆయన పరిధిలోకి రాదు. అది యూనియన్ శాఖ.

ఆ శాఖ ఎలా నడుస్తుందో చూద్దాం. ఆదోని పత్తి యార్డే కానక్కర్లేదు, జెండా రంగు కూడా మీ ఇష్టం. సర్వసభ్య సమావేశం ఆదివారం పది గంటలకని బోర్డు మీద సుద్దతో రాస్తారు. పదకొండున్నరకు వచ్చింది అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, టీ తెచ్చిన పిల్లాడు. (ఆ పిల్లాడి వయసు కార్మిక సంఘం ఆఫీసులో అడక్కూడదు.) కోరం లేదు కాబట్టి వాయిదా. అరగంటకు అక్కడే మళ్లీ కూర్చుంటారు. ఈసారి కోరంతో పని లేదు, లెక్కలన్నీ ఆమోదం.

సభ్యుణ్ణి అడిగితే, "మీటింగుకు మా మేస్త్రీ పోయుంటాడులేన్నా, రేటెంత పెంచినారో చెప్తే సాలు" అంటాడు. ఒప్పందం గడువు తీరి బస్తాలు కదలకుండా ఆగిన రోజున మాత్రం యార్డు గేటు దగ్గర ఇసకేస్తే రాలదు. చర్చల్లో అడిగిందాంట్లో సగమే వచ్చిందనుకోండి, "యూనియన్ అమ్ముడుపోయింది" అని మొదట అరిచేది ఇన్నేళ్లలో ఒక్క మీటింగు గడప తొక్కనివాడే. నాయకుడికీ ఇదే సుఖం. ఖాళీ కుర్చీ లెక్క అడగదు. మే డే ఊరేగింపులో బ్యానర్ పట్టుకుని ముందు నడిచేది చాటకూలీ ఆడవాళ్లు. కార్యవర్గం జాబితాలో వాళ్ల పేర్లు వెతక్కండి, కళ్లు నొప్పెడతాయి.

చందా బరువు వల్ల రావట్లేదందామా? 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టాన్ని 2001లో సవరించినప్పుడు గ్రామీణ కార్మికుడి కనీస చందా ఏడాదికి ఒక్క రూపాయి అన్నారు. ఇతర అసంఘటిత కార్మికులకు మూడు రూపాయలు. బన్నిలో కర్రకు తొడిగే రింగు కూడా ఆ ధరకు రాదు.

ఇప్పుడు కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది, 2025 నవంబర్ 21 నుంచి అమలు. ఒకటికి మించి యూనియన్లున్న చోట యజమానితో మాట్లాడే ఏకైక యూనియన్ కావాలంటే మస్టర్ రోల్‌లో ఉన్నవాళ్లలో 51 శాతం మద్దతుండాలి. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసివ్వాలి. సగం మంది ఒకేసారి క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మే. బాగానే ఉంది. ముప్పై ఏళ్లుగా బస్తాలు మోసి నడుం వంగినవాడి పేరు ఏ షావుకారు మస్టర్‌లో ఉంది? లేనివాళ్లలో 51 శాతం ఎంతో లెక్క కట్టడానికి ఆ కార్ణికం సామే రావాలి.

పల్లెల్లో కూలీ సంఘం కథ ఇంకో తీరు. కోసిగి వైపు ఇళ్లకు తాళాలేసి పిల్లాజెల్లాతో గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోతారు. శాఖ ఎన్నికలకు మంచి ముహూర్తం అదే, ఊళ్లో ముసలివాళ్లు, కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. ఎండలు ముదిరాక తిరిగొచ్చినవాడు కార్యదర్శిని నిలదీశాడు.

"ఎన్నికెప్పుడయింది సామీ?"

"అదేందప్పా అట్లంటావు? నువ్వూ చెయ్యెత్తినావు కదా. మినిట్స్‌లో ఉంది చూడు, ఏలిముద్ర కూడా ఉంది."