అడిగింది ఎవరో నాకు తెలియదు

నా చిరునామా 169.254.169.254. పేరు మెటాడేటా సర్వీస్. అమెజాన్ క్లౌడ్‌లో నడిచే ఈసీ2 సర్వర్లకు వాటి వివరాలు చెప్పడం నా పని. బయట ఇంటర్నెట్ నుంచి ఎవరూ నా దాకా రాలేరు. సర్వర్ లోపలి ప్రోగ్రామ్ అడిగితేనే పలుకుతాను. పాస్‌వర్డ్‌లు కోడ్‌లో రాసుకునే ప్రమాదకరమైన అలవాటు మాన్పించడానికి, 2012 నుంచి తాత్కాలిక తాళాలు ఇచ్చే బాధ్యత కూడా నాకు అప్పగించారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఫొటో లింకు ఇస్తే తెచ్చిపెట్టే వెబ్‌సైట్లు ఉంటాయి కదా. ఎవడో ఫొటో లింకుకు బదులు నా చిరునామా రాస్తాడు. సర్వర్ అది నిజమనుకుని నన్ను అడుగుతుంది. అడిగింది మా సర్వరే కాబట్టి చెబుతాను. ఆ జవాబు బయటివాడి చేతికి పోతుంది. సర్వర్ సైడ్ రిక్వెస్ట్ ఫోర్జరీ, పొట్టిగా ఎస్‌ఎస్‌ఆర్‌ఎఫ్, అంటే ఇదే.

2019 మార్చిలో అమెరికాలోని ఒక పెద్ద బ్యాంకులో జరిగింది చెబుతాను. తప్పుగా అమర్చిన ఫైర్‌వాల్ చేతే నన్ను అడిగించారు. మొదట సర్వర్‌కు హక్కులిచ్చే రోల్ పేరు అడిగారు, చెప్పాను. ఆ పేరు చివర చేర్చి మళ్లీ అడిగితే యాక్సెస్ కీ, సీక్రెట్ కీ, టోకెన్, గడువు అన్నీ ఇచ్చాను. వాటితో అమెరికాలో దాదాపు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు తరలిపోయాయి. జూలై దాకా బ్యాంకుకు తెలియలేదు. వచ్చే రాకపోకలు వడకట్టాల్సిన ఫైర్‌వాల్‌కు ఖాతాదారుల ఫైళ్లు చదివే హక్కు ఎందుకిచ్చారు? నా దృష్టిలో అసలు నష్టం చేసింది ఆ హక్కే.

అదే ఏడాది నవంబర్‌లో నాకు రెండో వెర్షన్ వచ్చింది. ఇప్పుడు ముందు పుట్ రిక్వెస్ట్‌తో టోకెన్ తీసుకోవాలి, తర్వాత ప్రతి ప్రశ్నకూ దాన్ని హెడర్‌లో చూపాలి. టోకెన్ ఆయుష్షు గరిష్ఠంగా 6 గంటలు. ఎస్‌ఎస్‌ఆర్‌ఎఫ్ లోపాల్లో చాలావాటితో గెట్ తప్ప మరేదీ పంపలేరు, హెడర్ చేర్చలేరు. అందుకే అవి నా దగ్గర ఆగిపోతాయి.

అలాగని అంతా నా మీదే వదిలేయకండి. నా చిరునామాను నిషేధిస్తే చాలదు. 2852039166 అని రాసినా అది నేనే. పేరు ఒకటి చూపి, తనిఖీ అయ్యాక డీఎన్‌ఎస్‌లో నా వైపు తిప్పేవాళ్లున్నారు. రీడైరెక్ట్‌తో పంపేవాళ్లూ ఉన్నారు. వెళ్లదగిన చోట్ల జాబితా మీరే రాసుకోండి. పేరు ఏ ఐపీకి తేలిందో తనిఖీ చేసి, ఆ ఐపీకే కనెక్ట్ అవ్వండి. రీడైరెక్ట్‌లు ఆపేయండి.

పాత వెర్షన్ తెరిచి ఉన్న సర్వర్లలో నేను ఇప్పటికీ అడగ్గానే చెప్పేస్తాను. హెచ్‌టీటీపీ టోకెన్స్ సెట్టింగ్‌ను రిక్వైర్డ్‌కు మార్చండి. మార్చేముందు క్లౌడ్‌వాచ్‌లో మెటాడేటా నో టోకెన్ లెక్క చూడండి. అది సున్నా కాకపోతే, ఏదో ఒక పాత ప్రోగ్రామ్ ఇంకా టోకెన్ లేకుండానే నన్ను అడుగుతోంది. ముందు దాన్ని వెతికి అప్‌డేట్ చేయండి.